పొలం బాటకు ఏ/టీ టైర్లు: ముందు సైడువాల్, తరువాతే బటన్లు

మీ ప్రశ్నను ఒకసారి తిరిగి చెబుతాను, నా జవాబంతా ఈ వివరాల మీదే ఆధారపడి ఉంటుంది. మీది ఫ్రంట్ వీల్ డ్రైవ్ డీజిల్ క్రెటా. కంపెనీ ఇచ్చిన 215/60 ఆర్17 టైర్లతోనే (వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో నూటికి 60, రిమ్ము 17 అంగుళాలు) 46,000 కిలోమీటర్లు తిరిగింది. వారంలో అయిదు రోజులు హైదరాబాదులో ఆఫీసుకు నడుపుతారు, శనివారం తాండూరు అవతల ఉన్న పొలానికి వెళ్ళి ఆదివారం తిరిగి వస్తారు. ఆ దారిలో చివరి ఆరు కిలోమీటర్లు మొరం రోడ్డు, దాని తరువాత ఒకటిన్నర కిలోమీటరు బండ్ల బాట. ఏడాదిలో రెండు టైర్లకు సైడువాల్, అంటే టైరు పక్క గోడ, తెగింది. టైర్ల దుకాణంలో 235/65 ఆర్17 సైజులో లావు బటన్ల (నేలను తాకే రబ్బరు దిమ్మెల) ఏ/టీ టైర్లు, అంటే తారుకూ మట్టికీ రెంటికీ పనికొచ్చే ఆల్ టెరెయిన్ టైర్లు, వేయించుకుంటే బండి ఎత్తు కూడా పెరుగుతుందని చెప్పారు. వేయించుకోవాలా, వేయిస్తే నాలుగా లేక ముందు రెండు చాలా, మైలేజీ ఎంత పడిపోతుంది, మోత ఎంత పెరుగుతుంది అన్నవి మీ సందేహాలు.

నేను బోరు మోటార్ల సర్వీసు పని మీద పద్నాలుగేళ్ళుగా వికారాబాద్, నారాయణపేట జిల్లాల్లోనూ, సరిహద్దు దాటి కర్ణాటకలోని సేడం, చించోళి వైపునా తిరుగుతున్నాను. ఈ కాలంలో మూడు చిన్న ఎస్‌యూవీలు మార్చాను, ఏడు సెట్ల టైర్లు అరగదీశాను. వాటిలో రెండు సెట్లు నేను చేసిన తప్పు ఎంపికలు. ఆ రెండింటి అనుభవమే ఇక్కడ మీకు ఎక్కువగా పనికి వస్తుంది.

మొదట మీ వారాన్ని కిలోమీటర్లలో వేసి చూద్దాం. ఆఫీసుకు రానూపోనూ రోజుకు నలభై చొప్పున అయిదు రోజులకు రెండు వందలు, పొలానికి తారు రోడ్డు మీద రానూపోనూ సుమారు రెండు వందల ముప్పై, మొరం రోడ్డూ బండ్ల బాటా కలిపి పదిహేను. అంటే వారానికి నాలుగు వందల నలభై అయిదు కిలోమీటర్లు నడిస్తే అందులో తారు దిగేది నూటికి నాలుగు కూడా కాదు. అయినా రెండు టైర్లూ ఆ నాలుగులోపు భాగంలోనే పోయాయి. కాబట్టి మీకు కావలసినది మట్టిలో వీరవిహారం చేసే టైరు కాదు. తొంభై ఆరు వంతులు తారు మీద, అందులోనూ తడి తారు మీద, నమ్మకంగా ఆగుతూ, మిగిలిన ఆ కాస్త దూరంలో తెగకుండా బతికే టైరు. ఈ రెండు మాటలకు మధ్య చాలా తేడా ఉంది. దుకాణంలో వరుసగా నిలబెట్టిన టైర్లను చూసినప్పుడు మన కన్ను మొదటి రకం వైపే పోతుంది.

ఇప్పుడు మీ టైర్లు ఎందుకు తెగాయో చూద్దాం. తాండూరు చుట్టుపక్కల మొరం రోడ్లలో గుంటలు పడితే వాటిని పూడ్చడానికి నాపరాతి గనుల దగ్గర మిగిలిపోయిన ముక్కలను తెచ్చి పోస్తారు. గుళకరాయికి అంచు ఉండదు, నాపరాతి ముక్కకు నాలుగు వైపులా అంచే ఉంటుంది. పలకలా పొరలు విడిపోయిన ఆ ముక్క గుంటలో నిలువుగా దిగబడి ఉన్నప్పుడు దాని మీదుగా టైరు పోతే, బటన్ల దగ్గర రబ్బరు మందంగా ఉండి తట్టుకుంటుంది, పక్కన మాత్రం ఒకటి రెండు పలుచని పొరలే అడ్డు. గుంటలోకి చక్రం దభీమని పడినప్పుడు ఆ రాతి అంచుకూ రిమ్ము అంచుకూ మధ్య సైడువాల్ నలిగి తెగుతుంది, లేదా లోపలి దారాలు తెగి వారం తరువాత బుడిపె లేస్తుంది. బుడిపె లేచిన టైరును గానీ పక్కన తెగిన టైరును గానీ బాగుచేయడం కుదరదు. ప్యాచీ వేస్తామని ఎవరైనా అన్నా ఒప్పుకోవద్దు. మీ బండిలో పోయింది సైడువాల్ కాబట్టి మందు కూడా సైడువాల్‌కే వేయాలి. బటన్లు ఎంత లావుగా ఉన్నా ఆ గాయం ఆగదు.

అందుకని నా మొదటి సలహా టైరు గురించి కాదు, రిమ్ము గురించి. 17 అంగుళాల రిమ్ముల నుంచి 16 అంగుళాలకు దిగండి. 215/60 ఆర్17 టైరుకు సైడువాల్ ఎత్తు 129 మిల్లీమీటర్లు, మొత్తం వ్యాసం సుమారు 690. అదే 215/65 ఆర్16 వేస్తే సైడువాల్ 140కి చేరుతుంది, మొత్తం వ్యాసం మాత్రం 686 దగ్గరే ఉంటుంది. తేడా నూటికి ఒకటి కూడా లేదు కాబట్టి స్పీడోమీటరు, గేర్లు, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లెక్కలు ఏవీ చెడవు. పదకొండు మిల్లీమీటర్లు వినడానికి తక్కువగానే తోస్తాయి. కానీ రాయికీ రిమ్ముకూ మధ్య ఉండే మెత్త అది, దాని మీద నూటికి ఎనిమిది పెరగడమంటే గుంటలో పడిన ప్రతిసారీ తెలుస్తుంది. మీ బండికే కింది వేరియంట్లలో కంపెనీ 205/65 ఆర్16 ఇస్తోంది కాబట్టి 16 అంగుళాల రిమ్ములో బ్రేకులు పట్టకపోవడమనే భయం సాధారణంగా ఉండదు. అయినా డబ్బు కట్టే ముందు ఒక రిమ్మును ముందు చక్రానికి బిగించి, చేత్తో తిప్పి, బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్‌కు ఎక్కడా తగలడం లేదని కళ్ళారా చూసుకోండి. కంపెనీ ఇచ్చే 205/65 సైజులోనే ఉండిపోతే నేల మీద ఎత్తు ఎనిమిది మిల్లీమీటర్లు తగ్గుతుంది, అందుకే నేను 215/65 చెబుతున్నాను. అది మీ వేరియంటుకు కంపెనీ పట్టికలో ఉన్న సైజు కాదు కాబట్టి బీమా కంపెనీకి ముందుగానే ఒక మెయిల్ పెట్టి, వారి ఒప్పుకోలును రాతలో తీసుకోండి.

రిమ్ములకు కొత్తగా ఖర్చు అవుతుందని అనిపించవచ్చు. ఇనుప రిమ్ములు చాలు. బండ్ల బాటకు అవే మేలు కూడా. గట్టి దెబ్బ తగిలినప్పుడు అల్లాయ్ పగులుతుంది, ఇనుము సొట్టపడుతుంది. సొట్ట చిన్నదైతే సుత్తితో సరిచేసి ఊరు చేరవచ్చు. బోల్టుల మధ్య కొలత 5x114.3, మధ్య రంధ్రం 67.1 మిల్లీమీటర్లు, ఈ రెంటితో పాటు ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి లేదా బయటికి కూర్చుంటుందన్న కొలత) కూడా మీ బండి కింది వేరియంటుకు ఉన్నదే ఉండాలి. చక్రం బయటికి వచ్చినట్టు కనిపించాలని ఆఫ్‌సెట్ మార్చిన రిమ్ములు వేస్తే బేరింగులు ముందుగా పోతాయి, అప్పుడు చక్రం హూంకరించే చప్పుడును మీరు పాపం ఏ/టీ టైర్ల మోత అనుకుంటారు. మీ ఇప్పటి చక్రాలలో గాలి తగ్గితే హెచ్చరించే సెన్సార్లు ఉంటే వాటిని విప్పి కొత్త రిమ్ములకు బిగించమని చెప్పడం మరిచిపోవద్దు.

దుకాణంలో చెప్పిన 235/65 ఆర్17 సంగతి చూద్దాం. దాని వ్యాసం 737, అంటే ఇప్పటి దాని కన్నా దాదాపు నూటికి ఏడు ఎక్కువ. వ్యాసం 47 మిల్లీమీటర్లు పెరిగితే బండి లేచేది అందులో సగం, ఇంచుమించు ఒక అంగుళం. ఆ అంగుళం కోసం ఇచ్చుకోవలసిన మూల్యం చిన్నది కాదు. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి ప్లాస్టిక్ లైనరుకు రాసుకుంటుంది, నలుగురు ఎక్కితే గుంటల్లో ఇంకా గట్టిగా తగులుతుంది. స్పీడోమీటరు 100 చూపేటప్పుడు నిజానికి మీరు దాదాపు 107లో పోతుంటారు. గేర్లన్నీ నూటికి ఏడు వంతులు బరువెక్కినట్టవుతాయి కాబట్టి, బండ్ల బాటలో మొదటి గేరులో నెమ్మదిగా పాకవలసిన చోట క్లచ్ కాలుతుంది. ఓడోమీటరు తక్కువ తిరుగుతుంది కనుక మైలేజీ నిజంగా పడిపోయిన దానికన్నా ఎక్కువ పడిపోయినట్టు కనిపిస్తుంది. వ్యాసంలో తేడా నూటికి రెండు దాటకుండా చూసుకోవడం నేను పెట్టుకున్న గీత.

ఇక బటన్ల విషయానికి వద్దాం. లారీ డ్రైవర్లకు ఇది మనకన్నా బాగా తెలుసు. ముందు చక్రాలకు నిలువు గీతల రిబ్బు టైరు వేస్తారు, బరువు లాగే వెనుక చక్రాలకు అడ్డ బటన్ల లగ్గు టైరు వేస్తారు. మొదటిది దారి పట్టడానికి, రెండోది నేలను తన్నడానికి. కార్లలో హెచ్/టీ (హైవే టైరు) అన్నది రిబ్బుకు దగ్గర, ఎం/టీ (బురద టైరు) అన్నది లగ్గుకు దగ్గర, ఏ/టీ ఈ రెంటి నడుమ. అయితే ఆ నడుమ అన్నది చాలా వెడల్పైన మైదానం. ఒకే ఏ/టీ పేరుతో అమ్మే టైర్లలో కొన్ని దాదాపు రోడ్డు టైర్లు, కొన్ని దాదాపు బురద టైర్లు. టైరు మీద రాసిన పేరు చూసి పోల్చలేరు, టైరును కిందికి దించమని అడిగి చూడాలి. నడిమి వరుస బటన్లు ఒకదానితో ఒకటి అల్లుకుని దాదాపు అతుకులు లేని పట్టీలా ఉంటే అది రోడ్డు వైపు మొగ్గిన టైరు. బటన్లు విడివిడిగా నిలబడి, మధ్య సందులో మీ చూపుడు వేలు పూర్తిగా పట్టేస్తుంటే అది బురద వైపు మొగ్గినది. తరువాత ప్రతి బటను మీదా బ్లేడుతో గీసినట్టు సన్నని చీలికలు ఎన్ని ఉన్నాయో చూడండి. తడి తారు మీద నీటి పొరను చెరిపి పట్టు ఇచ్చేవి ఆ చీలికలే. బొటనవేలితో బటనును పక్కకు నెట్టి చూడండి. సులభంగా ఊగిందంటే బ్రేకు వేసినప్పుడూ అలాగే ఊగుతుంది.

ఈ ఊగడం ఏమిటో నాకు చేవెళ్ళ దాటాక అర్థమైంది. నా రెండో బండికి చూపు కోసం, నిజం చెప్పాలంటే చూపు కోసమే, విడివిడి బటన్ల టైర్లు వేయించాను. అప్పటికి మూడు నెలలైంది. వాన వెలిసి పది నిమిషాలు కూడా కాలేదు, మర్రిచెట్ల కింద రోడ్డు నల్లగా మెరుస్తోంది, మలుపు తిరగగానే గేదెల మంద అడ్డంగా వస్తోంది. నా వేగం డెబ్బై లోపే. బ్రేకు తొక్కితే ఏబీఎస్ కాలి కింద గరగరలాడుతూనే ఉంది, బండి మాత్రం ఆగాలన్న తొందర ఏమీ లేనట్టు జారుతూ పోయి, చివరి గేదె తోకకు బారెడు దూరంలో ఆగింది. పాత రోడ్డు టైర్లతో అదే దారిలో, అదే వేగంలో ఎన్నోసార్లు ఆగాను కాబట్టి తేడా నాకు ఒంట్లో తెలిసింది. విడివిడి బటన్ల టైరులో నేలను తాకే రబ్బరు తక్కువ. ఆ తాకేది కూడా బ్రేకు వేయగానే వంగి, అంచు మీద నిలబడుతుంది. కోతలకు తట్టుకోవాలని రబ్బరును గట్టిగా చేస్తారు కనుక తడిలో పట్టు ఇంకా తగ్గుతుంది. ఆ సెట్టును ఎనిమిది నెలలకే అమ్మేశాను. మీరు వారానికి రెండుసార్లు అదే రోడ్డు మీద పోతారు, జూన్ నుంచి అక్టోబరు దాకా సగం సార్లు తడిలోనే పోతారు.

కనుక రోడ్డు వైపు మొగ్గిన ఏ/టీ తీసుకోండి. యోకోహామా జియోలాండర్ ఏ/టీ జీ015 ఈ తరహాకు మంచి ఉదాహరణ, నా ఇప్పటి బండికి ఉన్నది అదే. అపోలో ఆప్టెర్రా, సియట్ క్రాస్‌డ్రైవ్, ఎంఆర్ఎఫ్ వాండరర్ కుటుంబాలలోనూ చూడవచ్చు, కానీ ఒకే కుటుంబం పేరుతో రోడ్డు టైరూ ఏ/టీ టైరూ రెండూ ఉంటాయి కాబట్టి పూర్తి పేరు చదివి తీసుకోండి. సదాశివపేటలో ఎంఆర్ఎఫ్ ఫ్యాక్టరీ, తిరుపతి జిల్లా చిన్నపాండూరులో అపోలో ఫ్యాక్టరీ మన గుమ్మం ముందే ఉన్నా, చిన్న ఎస్‌యూవీ సైజుల్లో ఏ/టీ కోసం నాలుగు దుకాణాలు తిరగవలసి రావడం కాస్త విచిత్రమే. పెద్ద బండ్ల సైజులతో పోలిస్తే ఈ సైజుల్లో గిరాకీ తక్కువ; దానికి తోడు 2020 జూన్‌లో కేంద్రం కార్ల టైర్ల దిగుమతిని అనుమతి ఉంటేనే తెచ్చుకునే పట్టికలోకి మార్చినప్పటి నుంచి విదేశీ రకాలు కూడా అంత సులభంగా దొరకడం లేదు. నెల రోజులు ఆగినా సరే, సరైన సైజు కోసం ఆగండి, దొరికిన సైజుతో సర్దుకోవద్దు.

టైరు పక్కన సైజు తరువాత ఉండే అంకెను, అక్షరాన్ని చదవడం కూడా తప్పనిసరి. మీ ఇప్పటి టైరు మీద 96హెచ్ అని ఉంటుంది. 96 అంటే ఒక్కో టైరు 710 కిలోలు మోయగలదు, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వరకు తట్టుకుంటుంది. కొత్త దానిలో అంకె 96కు తగ్గకూడదు. 215/65 ఆర్16లో మామూలుగా 98 దొరుకుతుంది, అంటే 750 కిలోలు. అక్షరం కూడా హెచ్ నుంచి దిగకుండా చూసుకుంటే బీమా వాళ్ళతో వాదన ఉండదు. సైజుకు ముందు ఎల్‌టీ అన్న అక్షరాలుంటే అది తేలికపాటి ట్రక్కుల టైరు. సైడువాల్ గట్టిగా ఉంటుందన్న మాట నిజమే, కానీ అది పని చేయడానికి ఎక్కువ గాలి, ఎక్కువ బరువు కావాలి. మీ బండి కింద అది చెక్క చక్రంలా ఉంటుంది, దెబ్బ తినేది మీ నడుము, బండి షాకబ్జార్లు. చివరగా, అండాకారపు గడిలో ఉండే నాలుగు అంకెలలో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. 1825 అని ఉంటే 2025లో పద్దెనిమిదో వారంలో తయారైనది. మెల్లగా అమ్ముడుపోయే సైజులు గోదాములో ఏళ్ళ తరబడి పడి ఉంటాయి కాబట్టి ఏడాది దాటిన సరుకును నేను తీసుకోను.

నాలుగా రెండా అంటే, నాలుగే. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కాబట్టి లాగేవి ముందు చక్రాలు, వాటికి మాత్రం ఏ/టీ వేసి వెనుక అరిగిన పాత టైర్లు ఉంచితే చాలునన్న లెక్క చాలామంది వేస్తారు. వానలో మలుపులో బ్రేకు పడితే ముందు పట్టు ఉండి వెనుక పట్టు లేని బండి బొంగరంలా తిరుగుతుంది. ముందు జారితే స్టీరింగుతో ఎంతో కొంత సరిదిద్దుకోవచ్చు, వెనుక జారితే మామూలు మనిషి చేతిలో ఏమీ ఉండదు. స్టెప్నీ కూడా అదే వ్యాసానికి దగ్గరగా ఉన్నదై ఉండాలి. మీ పాత 17 అంగుళాల చక్రాలలో బాగున్నది ఒకటి డిక్కీలో పట్టేట్టయితే వ్యాసంలో తేడా నాలుగు మిల్లీమీటర్లే కాబట్టి ఇల్లు చేరడానికి అది సరిపోతుంది. అయితే అల్లాయ్ నట్లు, ఇనుప రిమ్ము నట్లు వేరువేరుగా ఉంటే ఆ సెట్టును కూడా వెంట ఉంచుకోవాలి.

ఈ టైర్లు వేసినంత మాత్రాన మీ బండి ఫోర్ వీల్ డ్రైవ్ కాదు. మీ పొలం రేగడి నేల అని రాశారు కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. చెల్క నేలలో, దుబ్బలో, మొరం మీద ఏ/టీకి రోడ్డు టైరుకన్నా తేడా స్పష్టంగా తెలుస్తుంది. తడిసిన నల్లరేగడిలో మాత్రం చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి బటన్ల సందులన్నీ మట్టితో పూడుకుపోయి టైరు నున్నని గుండవుతుంది, ఆ మట్టి పేరుకుంటూ లైనరు దాకా నిండి చక్రం తిరగడమే మానేస్తుంది. అందులో ఎం/టీ టైర్లున్న జీపులను కూడా ట్రాక్టరుతో లాగించిన రోజులు నాకు గుర్తున్నాయి. పెద్ద వాన పడిన మర్నాడు మొరం రోడ్డు చివర బండి ఆపి ఆ ఒకటిన్నర కిలోమీటరు నడవడమే సరైన పని. దానికి టైర్లలో జవాబు లేదు.

గాలి విషయం మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, మీ దారికి టైరు ఎంపిక ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం, పైగా ఇందులో ఖర్చు తక్కువ. తారు మీద డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరులో రాసినంత గాలి ఉండాలి. అదే గాలితో మొరం రోడ్డు ఎక్కితే టైరు బిగించిన డప్పులా ఉంటుంది, ప్రతి రాతి అంచూ దాన్ని నేరుగా కొడుతుంది. అయిదారు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గిస్తే రబ్బరు రాయి మీద పరుచుకుని, దాన్ని మింగి వదులుతుంది. నేలను తాకే చోటు పొడవు పెరిగి పట్టు కూడా పెరుగుతుంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇసుకలో 18, 20 దాకా దించవచ్చునన్న మాట విని నాపరాతి ముక్కల దారిలో కూడా అలాగే చేస్తే సైడువాల్ పక్కకు ఉబ్బి, ఇంతకు ముందు రాయికి అందనిది ఇప్పుడు అందుతుంది. నేను తప్పు చేసిన రెండో సెట్టు కథ ఇదే. టైర్లు మంచివే, గాలి 20 పెట్టి చించోళి వైపు ఒక గని రోడ్డులో నడిపాను, ఒకే రోజు రెండు సైడువాల్‌లు తెగాయి. పదునైన రాయి ఉన్న చోట 26కు దిగవద్దు. మెత్తని దుబ్బలో, ఎండిన వాగు ఇసుకలో ఇరుక్కుంటే 20 దాకా దించండి, బయటపడగానే మళ్ళీ పట్టించండి. గాలి తగ్గించి ఉన్నంతసేపూ వేగం ముప్పై దాటకూడదు. తగ్గించిన గాలితోనే తారు ఎక్కి ఎనభైలో పోతే సైడువాల్ వేడెక్కి పగులుతుంది. బండిలోని 12 వోల్టుల సాకెట్టుకు పెట్టే చిన్న కంప్రెసరు ఒకటి కొనండి. 26 నుంచి 33కు ఒక్కో టైరుకు నాలుగైదు నిమిషాలు పడుతుంది, ఆ కాసేపట్లో రోడ్డు పక్క చాయ్ తాగవచ్చు. నత్రజని నింపించుకుంటే తగ్గించడం, పట్టించడం రెండూ తలనొప్పే. మామూలు గాలి చాలు.

మైలేజీ సంగతి నా లెక్కల పుస్తకంలో ఉన్నది చెబుతాను. ట్యాంకు నిండుగా కొట్టించి, మళ్ళీ నిండుగా కొట్టించి వేసిన లెక్కలో లీటరుకు 17.8 ఉండేది, ఏ/టీ వేశాక 16.9కి వచ్చింది. దాదాపు అయిదు శాతం. ఒక్కో టైరు బరువు కిలో, కిలోన్నర పెరగడం, బటన్లు వంగి లేవడంలో కొంత శక్తి పోవడం దానికి కారణాలు. మోత మొదటి పదివేల కిలోమీటర్లలో అద్దాలు ఎత్తితే వినపడదు. తరువాత అంచు బటన్లు ఒకవైపు ఎక్కువ అరిగి, రంపపు పళ్ళలా తయారైతే అవుటర్ రింగు రోడ్డు మీద వందలో పోతున్నప్పుడు సన్నగా హోరు మొదలవుతుంది. ముందు చక్రాలను వెనక్కు, వెనుక వాటిని ముందుకు ఎనిమిది వేల కిలోమీటర్లకు ఒకసారి మార్పించి, ఆ రోజే ఎలైన్‌మెంటు చూపిస్తే ఆ హోరు చాలా ఆలస్యమవుతుంది. చట్టం ప్రకారం బటన్ల లోతు 1.6 మిల్లీమీటర్ల దాకా నడపవచ్చు, ఏ/టీ టైరును మాత్రం 3 దగ్గరే వానాకాలానికి ముందు మార్చేయాలి. అంతకు దిగితే చీలికలు అరిగిపోయి ఉంటాయి, తడిలో అది వట్టి గట్టి రబ్బరు ముక్క.

తాండూరు వైపు పొలం కనుక కంది మోళ్ళ గురించి చెప్పకుండా వదలలేను. కొడవలితో ఏటవాలుగా కోసిన కంది కట్టె మొదలు వేలెడంత లావున, బెత్తెడు ఎత్తున నిలబడిపోతుంది, ఫిబ్రవరి ఎండకు ఎండి మేకులా తయారవుతుంది. సర్కారు తుమ్మ ముల్లును ఏ/టీ బటను మందం చాలాసార్లు ఆపుతుంది; ముల్లు విరిగి రబ్బరులోనే ఉండిపోతుంది, లోపలి దాకా దిగదు. కంది మోడు అలా కాదు, బటన్ల మధ్య సందులోంచి నేరుగా లోపలికి పోతుంది, పక్కన తగిలితే సైడువాల్‌ను కోస్తుంది. సందులో దిగిన దానికి ట్యూబ్‌లెస్ పంక్చరు స్ట్రిప్పు వేసి నడుపుకోవచ్చు, కాబట్టి స్ట్రిప్పుల పెట్టె ఒకటి కంప్రెసరు పక్కనే ఉంచండి. జనవరిలో కంది కోత అయిన దగ్గర నుంచి వేసవి దుక్కులు పడేదాకా చేలో అడ్డంగా నడపవద్దు. తప్పనిసరిగా దిగవలసి వస్తే సాళ్ళ వెంబడే, చక్రాలు రెండు మోళ్ళ వరుసల నడిమికి వచ్చేలా పొండి, ఎవరినైనా ముందు నడిపించండి. చేలోనే బండి వెనక్కు తిప్పవద్దు, చక్రం పూర్తిగా మెలితిరిగినప్పుడే సైడువాల్ మోడుకు నేరుగా ఎదురవుతుంది. గెట్టు దాకా వెనక్కు వచ్చి అక్కడ తిప్పుకోండి.